జర్నల్ రాయడం, రాసింది తిరిగి చదవడం: మొదటి పేజీ నుంచి ఎలా చేయాలి

జనవరి వస్తే మన ఇళ్ళల్లో ఒకటో రెండో డైరీలు వచ్చి పడతాయి, ఎల్ఐసీ ఏజెంట్ ఇచ్చింది ఒకటి, బ్యాంకుది ఒకటి, మొదటి నాలుగైదు పేజీలు మంచిగా రాస్తాం, సంక్రాంతి దాటేసరికి అందులో పాల లెక్కలు, గ్యాస్ బుక్ చేసిన తేదీలు చేరతాయి, తర్వాత అవి కూడా ఆగిపోతాయి. ఇది చూసి చాలామంది నాకు ఓపిక లేదు, నాకు రాసే అలవాటు రాదు అని ఫిక్స్ అయిపోతారు. నా లెక్కలో అది ఓపిక సమస్య కాదు. రాసింది మనకి తిరిగి దేనికీ పనికి రాలేదు కాబట్టి ఆగిపోతది. రాసి మూసేసి మళ్ళీ తెరవని పుస్తకం ఎవరికైనా బోర్ కొడతది కదా.

అందుకే ఇక్కడ రాయడం గురించి ఎంత చెప్తానో రాసింది చదవడం గురించి అంతకంటే ఎక్కువ చెప్తా. మనిషి మారేది ఎక్కువగా ఆ చదివే అరగంటలోనే అని నేను గట్టిగా నమ్ముతా. హైదరాబాద్‌లో ఉద్యోగం, ట్రాఫిక్, పిల్లలు, ఈఎంఐలు, కోచింగులు వీటి మధ్యలో ఉన్నవాళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నా, రోజుకి పది నిమిషాలు, ఆదివారం ఒక అరగంట, అంతకంటే అడగట్లేదు.

ముందు పుస్తకం సంగతి

ఖరీదైన లెదర్ అట్ట డైరీ వద్దు. నిజంగా వద్దు. మంచి పుస్తకంలో మంచి విషయాలే రాయాలి అనిపిస్తది, చెత్తగా రాయడానికి చెయ్యి రాదు, మనకేమో చెత్తగా రాసే స్వేచ్ఛే కావాలి. పిల్లల స్కూల్ కోసం కొనే రూళ్ళ లాంగ్ నోట్‌బుక్ ఒకటి చాలు, కోఠీ సుల్తాన్ బజార్ దాకా పోనక్కర్లేదు, మీ గల్లీ స్టేషనరీ షాపులో దొరికేదే. తేదీలు ప్రింట్ చేసున్న డైరీ కూడా వద్దంటా, నాలుగు రోజులు మిస్సయితే ఆ నాలుగు ఖాళీ పేజీలు మిమ్మల్ని చూస్తూ ఉంటాయి, అదే చాలామందికి మానేయడానికి కారణం అవుతది. తేదీ, టైమ్ మీరే పైన రాసుకోండి.

ఇప్పుడు ఒక ముఖ్యమైన విషయం. పుస్తకం తెరిస్తే కుడివైపు పేజీలోనే రాయండి, ఎడమవైపు పేజీ ఖాళీగా వదిలేయండి. పేపర్ వేస్ట్ అనిపిస్తది, అనిపించినా సరే వదిలేయండి, ఆ ఎడమ పేజీ ఆదివారానికి. దాని గురించి కింద వివరంగా చెప్తా.

ఫోన్‌లో రాయొచ్చా అని అడుగుతారు, రాయొచ్చు. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రోలో గంటకి కాస్త తక్కువ కూర్చునేవాళ్ళకి అదే వీలు, నోట్స్ యాప్ లాక్ పెట్టుకుని ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి రాయండి, లేదంటే రెండో లైన్‌లోనే వాట్సాప్ మెసేజ్ వస్తది, ఇంక అయిపోయినట్టే. టైప్ చేయడం కష్టమైతే తెలుగు వాయిస్ టైపింగ్ ఇప్పుడు బాగానే పని చేస్తుంది, కాకపోతే మెట్రోలో నలుగురి ముందు మనసులో మాట ఫోన్‌కి చెప్పుకోలేం కాబట్టి అది ఇంటి డాబా మీదకి దాచుకోండి.

భాష గురించి అస్సలు ఆలోచించొద్దు. మీ తలలో మాటలు ఎలా నడుస్తాయో అలాగే, సగం తెలుగు సగం ఇంగ్లీష్ మధ్యలో పరేషాన్, కిరికిరి ఏవి వస్తే అవి. ఒత్తులు తప్పినా, తెలుగు రాయడం మర్చిపోయి ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాసినా ఏం కాదు, దీన్ని దిద్దే టీచర్ ఎవరూ లేరు.

ఎవరైనా చదివేస్తే?

ఇది చిన్న సమస్య కాదు, అందుకే ఇక్కడే చెప్పేస్తున్నా. పీజీ హాస్టల్‌లో నలుగురు షేరింగ్ రూమ్, లేదంటే ఉమ్మడి కుటుంబం, అల్మారాకి తాళం ఉండదు, ఉన్నా తాళంచెవి అత్తగారి దగ్గర ఉంటది. ఎవరో చదువుతారన్న భయం ఉన్నన్నాళ్ళు మీరు నిజం రాయరు, నిజం రాయకపోతే ఈ పనంతా వేస్ట్. మనుషుల పేర్ల బదులు మీకు మాత్రమే తెలిసే అక్షరాలు పెట్టుకోండి. ఆఫీసు బ్యాగులో పెట్టుకోండి, ఇంట్లో పెట్టొద్దు. మరీ మండిపోతున్న విషయమైతే విడి కాగితం మీద రాసి, చించి పారేసి, పుస్తకంలో మాత్రం "ఈరోజు 'క' విషయం విడిగా రాసి చింపేశా, చివరికి నాకు అర్థమైంది ఇది" అని ఒక్క లైన్ పెట్టండి. ఇంట్లో వాళ్ళు అడిగితే దాచుకున్నట్టు కాకుండా "ఆఫీసు పనులు, నా ఆలోచనలు రాసుకుంటున్నా" అని మామూలుగా చెప్పేయండి, దాచినకొద్దీ అవతలివాళ్ళకి కుతూహలం పెరుగుతది.

ఎప్పుడు రాయాలి

"టైమ్ దొరికినప్పుడు రాస్తా" అంటే రాయరు. ఆల్రెడీ రోజూ తప్పకుండా జరిగే ఒక పనికి దీన్ని తగిలించండి. ఉదాహరణకి, "సాయంత్రం చాయ్ కప్పు టేబుల్ మీద పెట్టగానే పుస్తకం తెరుస్తా", "పిల్లల్ని బస్సు ఎక్కించి పైకి రాగానే ఫ్యాన్ కింద కూర్చుని రాస్తా", "నైట్ షిఫ్ట్ క్యాబ్ ఎక్కి సీటు బెల్ట్ పెట్టుకోగానే ఫోన్‌లో నోట్స్ తెరుస్తా". ఇలా ఫలానాది అయిన వెంటనే ఫలానాది చేస్తా అని ముందే మాటల్లో పెట్టుకుంటే పని జరిగే అవకాశం బాగా పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్ట్ ఎన్నో ఏళ్ళు పరిశోధించి చూపించాడు. ఆ వాక్యాన్ని పుస్తకం అట్ట లోపలివైపు రాసి పెట్టండి.

21 రోజుల్లో అలవాటైపోతది అని ఎక్కడ చూసినా చెప్తుంటారు, ఆ మాట నమ్మి 22వ రోజు కూడా బద్ధకంగా అనిపిస్తే మనలోనే ఏదో లోపం ఉందనుకుంటాం. 2010లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ళు అచ్చేసిన ఒక స్టడీలో 96 మందిని గమనిస్తే ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, అదీ ఒకరికి 18 రోజులు, ఇంకొకరికి లెక్క కడితే 254 రోజులు. మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన ఏం పాడవలేదు కూడా. కాబట్టి బోనాలప్పుడు చుట్టాలొచ్చి మూడు రోజులు రాయలేదా, నాలుగో రోజు తేదీ వేసి రాయండి, వెనక్కి పోయి ఆ మూడు రోజులవి పూరించాలని కూర్చోవద్దు.

కుడి పేజీలో ఏం రాయాలి

మూడు విషయాలు. ఏం జరిగింది. అప్పుడు నాకేమనిపించింది. నేనేం చేశా. అంతే, దీనికి మించిన పద్ధతులు బయట చాలా ఉన్నాయి, రంగు రంగుల పెన్నులు, స్టిక్కర్లు, నలభై ప్రశ్నల లిస్టులు, ఇష్టమైతే తర్వాత చూసుకోండి, మొదటి రెండు నెలలు మాత్రం ఈ మూడే.

ఎక్కడ తేడా వస్తదో చెప్తా. చాలామంది ఇలా రాస్తారు: "ఈరోజు అస్సలు బాలేదు. మూడ్ ఆఫ్. ఆఫీసులో ఎవరూ అర్థం చేసుకోరు." ఇది ఆరు నెలల తర్వాత చదివితే అసలు ఆరోజు ఏం జరిగిందో మీకే గుర్తు రాదు. దాని బదులు ఇలా రాయండి: "11 గంటల మీటింగ్‌లో రిపోర్ట్ ఎప్పుడిస్తావ్ అని అడిగారు. రేపు అన్నా. నిజానికి అందులో సగం నాకు అర్థం కాలేదు, అడిగితే ఇన్నేళ్ళ ఎక్స్‌పీరియెన్స్ ఉండి ఇది కూడా తెలీదా అంటారేమో అని సిగ్గేసింది. కడుపులో ఒక రకంగా అయ్యింది. మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినలేదు. సాయంత్రం ఇంటికొచ్చి బాబు హోంవర్క్ చేయలేదని అరిచా." చూడండి, రెండోదాంట్లో మనుషులు ఉన్నారు, టైమ్ ఉంది, ఒంట్లో ఏమైందో ఉంది, పొద్దున జరిగినదానికి సాయంత్రం అరుపుకి మధ్య దారి కనిపిస్తుంది. రాసేటప్పుడు మీరు ఆ దారి వెతకనక్కర్లేదు, జరిగింది జరిగినట్టు పెడితే చాలు, చదివేటప్పుడు అదే కనిపిస్తది.

తెలుగువాళ్ళకి ఇలా రాయడం కొత్త కూడా కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి హైదరాబాద్ మీదుగా పోతూ, ఎక్కడ దిగారు, దారి ఎలా ఉంది, ఆ ఊళ్ళో ఏం దొరుకుతాయి, మనుషులెలా ఉన్నారు అని మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయాడు. రెండొందల ఏళ్ళు కావస్తున్నా ఇప్పుడు చదివితే ఆ ఊళ్ళు కళ్ళ ముందుకు వస్తాయంటే కారణం ఆయన చూసింది చూసినట్టు పెట్టడమే. మన రోజు గురించి మనం అంత వివరంగా రాసుకుంటే చాలు.

ఏమనిపించింది అన్నచోట "బ్యాడ్‌గా అనిపించింది" దగ్గర ఆగొద్దు. కోపమా, చిరాకా, బెంగా, అసూయా, ఉక్రోషమా, చిన్నబుచ్చుకున్నారా, భయమా, గిల్టీనా, ఏదో ఒకటి పట్టుకుని పేరు పెట్టండి. ఎమోషన్‌కి పేరు పెట్టినప్పుడు మెదడులో భయాన్ని, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం కాస్త శాంతిస్తుందని 2007లో మాథ్యూ లీబర్‌మాన్ టీమ్ బ్రెయిన్ స్కాన్లతో చూపించింది. స్కాన్ సంగతి పక్కన పెట్టినా, "నాకు కోపం కాదు, తోడికోడలి కొత్త ఫ్లాట్ చూసి అసూయ వేసింది" అని ఒక్కసారి కాగితం మీద పెట్టి చూడండి, దాని బరువు అక్కడికక్కడే సగం దిగుతది. అసూయ పడటం తప్పేం కాదు, దానికి కోపం అని పేరు పెట్టి ఇంట్లో వాళ్ళ మీద చూపించడమే సమస్య.

బాగున్న రోజులు కూడా రాయండి. బాధ వేసినప్పుడే పుస్తకం తీస్తే ఏడాది తర్వాత అది చదివి నా జీవితమంతా ఇంతేనా అనుకుంటారు, అది నిజం కాదు.

బరువైన విషయాలు ఎలా రాయాలి

నాన్న పోవడం, పెళ్ళి చెడిపోవడం, ఉద్యోగం పోవడం, చిన్నప్పుడు జరిగిన ఏదో అవమానం, ఇలాంటివి రోజువారీ పది నిమిషాల్లో పట్టవు. వీటికి వేరే పద్ధతి ఉంది. 1986లో జేమ్స్ పెన్నబేకర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ తన విద్యార్థిని శాండ్రా బీల్‌తో కలిసి కాలేజీ స్టూడెంట్స్‌తో ఒక ప్రయోగం చేశాడు, వరుసగా నాలుగు రోజులు రోజుకి 15 నిమిషాలు తమ జీవితంలో బాగా బాధపెట్టిన విషయం గురించి రాయమన్నాడు, జరిగింది మాత్రమే కాకుండా మనసులో ఏముందో కూడా. అలా రెండూ కలిపి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో మిగతావాళ్ళకంటే తక్కువసార్లు డాక్టర్ దగ్గరికి పోయారు. తర్వాత దీని మీద వందల స్టడీలు వచ్చాయి, మొత్తం మీద చూస్తే ఫలితం ఉంది కానీ చిన్నదే, అందరికీ ఒకేలా పని చేయదు. కాబట్టి దీన్ని మందులాగా చూడొద్దు.

చేసే విధానం: నాలుగు రోజులు, ఒకటే విషయం, టైమర్ 15 నిమిషాలు, పెన్ను ఆపకుండా. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కుతది, ఆ స్టడీలో కూడా అంతే అయ్యింది, కాబట్టి రాత్రి పడుకునే ముందు కానీ ముఖ్యమైన మీటింగ్ ముందు కానీ పెట్టుకోవద్దు. రాశాక లేచి పది నిమిషాలు నడవండి, ఎవరితోనైనా మామూలు మాటలు మాట్లాడండి. సంఘటన జరిగి వారం కూడా కాకపోతే ఆగండి. రాస్తుంటే తట్టుకోలేనట్టు ఉంటే అక్కడే పెన్ను మూసేయండి, పూర్తి చేయాలని రూల్ లేదు.

మూడో రోజుకి కూడా అదే వాక్యం, అదే తిట్టు, అదే "నాకే ఎందుకు ఇలా" తిరుగుతుంటే అది ఆలోచన కాదు, గుంజాటన. దాన్నుంచి బయటికి రావడానికి రెండు దారులు నాకు బాగా పని చేస్తాయని అనిపిస్తది. ఒకటి, "ఎందుకు" అనే ప్రశ్న పక్కన పెట్టి "ఏం" అని అడగండి: నాకిప్పుడు ఏం కావాలి, ఇందులో నా చేతిలో ఉన్నది ఏంటి, రేపు పొద్దున చేయగలిగింది ఏంటి. రెండోది, "నేను" అనడం మానేసి మీ పేరుతో రాయండి. మీ పేరు సునీత అనుకోండి, "సునీత ఆరోజు అక్కడ మాట్లాడలేకపోయింది, ఎందుకంటే అందరి ముందు అన్నయ్యని ఎదిరించడం ఆమెకి ఎప్పుడూ అలవాటు లేదు" అని. మొదట్లో వింతగా ఉంటది కానీ ఇలా పేరుతో తమ గురించి తాము ఆలోచించుకున్నప్పుడు మనుషులు కాస్త దూరం నుంచి, కాస్త ప్రశాంతంగా చూడగలుగుతారని ఈథన్ క్రాస్ అనే పరిశోధకుడు 2014లో చూపించాడు. అదే సమస్య ఫ్రెండ్‌కి వస్తే మనం ఎంత మంచిగా సలహా ఇస్తామో గుర్తు తెచ్చుకోండి, ఆ తెలివి మన విషయంలో కూడా వాడుకోవడానికే ఇది.

ఇంకో మాట. రెండు వారాలుగా నిద్ర లేక, తిండి సయించక, దేని మీదా ఇష్టం లేకుండా ఉంటే, లేదా చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే, పుస్తకంతో సరిపెట్టుకోవద్దు. టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, ఫ్రీ, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఉంది, ఆ ఊరి పేరు పెట్టి జోకులేసే అలవాటు మన సిటీలో ఉంది, ఆ జోకులకి భయపడి ఎంతమంది లోపల లోపలే నలిగిపోతున్నారో తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తది. జ్వరానికి డాక్టర్ దగ్గరికి పోయినట్టే పోండి.

ఆదివారం అరగంట, ఎడమ పేజీ

ఇదే అసలు స్టెప్. ఆదివారం పొద్దున ఇంట్లో వాళ్ళు లేవకముందు కానీ, ఇందిరా పార్కులో ఒక బెంచీ మీద కానీ, ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు చూడ్డానికి పోయినప్పుడు ఒక ఇరానీ హోటల్లో కూర్చుని కానీ, ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఆ వారం కుడి పేజీలన్నీ మొదటి నుంచి చదవండి. వేరే రంగు పెన్ను తీసుకోండి. మొదటిసారి ఏమీ రాయకుండా చదవడమే, తిట్టుకోవద్దు, నవ్వుకోవద్దు, ఎవరో వేరే మనిషి రోజులు చదువుతున్నట్టు. నెలాఖరుకి కిరాణా పద్దు చూస్తే ఏ ఒక్కరోజూ ఎక్కువ ఖర్చు పెట్టినట్టు ఉండదు కానీ మొత్తం కూడితే నూనెకి ఇంతైందా అని తెలుస్తది చూడండి, రోజులు కూడా అంతే, విడిగా చూస్తే కనపడనిది కలిపి చూస్తే కనపడతది.

రెండోసారి చదువుతూ ఎడమ పేజీలో రాయండి. ఏం వెతకాలంటే, మళ్ళీ మళ్ళీ వస్తున్న మనిషి ఎవరు, ఏ టైమ్‌లో, ఏ చోట. చిరాకు పడ్డ రోజుల్లో నిద్ర ఎంత, తిండి ఎప్పుడు. ఏం అవుతదని భయపడ్డా, నిజంగా ఏమైంది. చేస్తా అని రాసి చేయనిది ఏంటి, అది రెండో వారం కూడా చేయలేదా. నాకు తెలీకుండానే సంతోషంగా ఉన్న గంట ఏది.

మా చుట్టాల్లో ఒకాయన ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజూ బండి మీద పోయివస్తాడు, ఇంటికొచ్చాక పిల్లల మీద అరుస్తున్నానని బాధపడేవాడు, ట్రాఫిక్ వల్ల అని గట్టిగా నమ్మేవాడు. కొన్ని వారాలు ఇలా రాసి చదివితే తేలింది ఏంటంటే ట్రాఫిక్ రోజూ ఉంది కానీ అరిచింది మాత్రం మధ్యాహ్నం తిండి మూడు దాటాక తిన్న రోజుల్లోనే. ట్రాఫిక్‌ని ఆయన మార్చలేడు, లంచ్ టైమ్ మార్చుకోగలడు, మార్చుకున్నాడు. ఇంత చిన్న విషయానికి పుస్తకం కావాలా అనిపించొచ్చు, కానీ ఏళ్ళ తరబడి ఆయన తప్పు కారణాన్ని పట్టుకుని కూర్చున్నాడు మరి. మనమందరం మన గురించి ఇలాంటి కథ ఒకటి నమ్ముతుంటాం, రాతలో ఉన్న తేదీలు, టైములు మాత్రమే దాన్ని కదిలించగలవు.

చదివాక చివర్లో ఒకే ఒక వాక్యం రాయాలి, వచ్చే వారానికి. ఒకటే. "ఎక్కువ కోప్పడకూడదు" లాంటిది పనికి రాదు, అది కోరిక. "మూడు గంటల మీటింగ్ పడితే ముందే రెండింటికి డబ్బా తినేస్తా", "మీటింగ్‌లో అర్థం కాకపోతే అక్కడ కాకపోయినా అయిపోగానే ఒక్కరినైనా అడుగుతా", "అమ్మ ఫోన్‌లో పెళ్ళి మాట ఎత్తితే పెట్టేయకుండా ఆదివారం వచ్చి మాట్లాడతా అని చెప్తా". ఎప్పుడు, ఏం జరిగితే, ఏం చేస్తా. వచ్చే ఆదివారం చదివేటప్పుడు ముందు ఈ వాక్యం దగ్గర మొదలుపెట్టండి, చేశానా లేదా, చేస్తే ఏమైంది. పని చేయలేదా, మంచిదే, ఇంకొకటి ట్రై చేయండి, కనీసం ఇది కాదని తెలిసింది.

వెనక్కి తిరిగి ఆలోచించడానికి టైమ్ ఎక్కడిది, ఆ టైమ్‌లో ఇంకో పని చేసుకోవచ్చు కదా అనేవాళ్ళకి ఒక విషయం చెప్పాలి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్ళు మన పక్కనే ఉన్న బెంగళూరు కంపెనీ విప్రోలో కొత్తగా చేరి ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళతో ఒక ప్రయోగం చేశారు. కొంతమంది రోజూ చివరి 15 నిమిషాలు పని ఆపేసి ఆరోజు ఏం నేర్చుకున్నారో రాశారు, మిగతావాళ్ళు ఆ 15 నిమిషాలు కూడా పనే చేశారు. ట్రైనింగ్ చివర పరీక్షలో రాసినవాళ్ళు 20 శాతానికి పైగా ఎక్కువ స్కోర్ చేశారు, తక్కువ టైమ్ పని చేసి కూడా.

ఎగ్జామ్స్‌కి చదివేవాళ్ళకి

అశోక్ నగర్‌లో రూమ్ తీసుకుని, పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో సీటు కోసం లైన్‌లో నిలబడి గ్రూప్స్‌కి చదివే పిల్లల్ని చూస్తే నాకు ఈ విషయం విడిగా చెప్పాలనిపిస్తది. మీరు డైరీ కోసం వేరే టైమ్ తీయక్కర్లేదు, మాక్ టెస్ట్ రాసిన రోజు కుడి పేజీలో తప్పు పోయిన ప్రశ్నలు రాయండి, ఒక్కోదాని పక్కన ఎందుకు తప్పైందో నాలుగు మాటలు: అసలు తెలీదు, తెలుసు కానీ గుర్తు రాలేదు, ప్రశ్న సరిగ్గా చదవలేదు, రెండిట్లో తేల్చుకోలేక గెస్ చేశా. ఆదివారం లెక్క పెట్టండి. "ప్రశ్న సరిగ్గా చదవలేదు" అన్నవే ఎక్కువున్న మనిషి ఇంకో నాలుగు పుస్తకాలు చదివినా మార్కులు పెరగవు, అతనికి కావాల్సింది స్పీడ్ తగ్గించుకోవడం. "గుర్తు రాలేదు" ఎక్కువుంటే కొత్త చాప్టర్ ఆపి రివిజన్. అందరూ ఇచ్చే ఒకే టైమ్ టేబుల్ మీద కంటే మీ సొంత తప్పుల మీద ప్లాన్ వేసుకుంటే బాగుంటది.

దాంతోపాటు మనసు సంగతి కూడా ఒక రెండు లైన్లు రాయండి, ఇంటి నుంచి ఫోన్ వచ్చిన రోజు చదువు ఎలా సాగింది, ఫ్రెండ్‌కి ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు ఏమైంది. నోటిఫికేషన్ వాయిదా పడ్డప్పుడు ఆ రెండు లైన్లే మిమ్మల్ని నిలబెడతాయి, ఎందుకంటే ఇంతకుముందు కూడా ఇలా కుంగిపోయి మళ్ళీ లేచిన రుజువు మీ చేతిరాతలోనే ఉంటది.

పెద్ద నిర్ణయాల పేజీ

ఉద్యోగం మారడం, ఫ్లాట్ కొనడం, పిల్లల స్కూల్ మార్చడం, అమ్మానాన్నల్ని ఊరి నుంచి ఇక్కడికి తెచ్చుకోవడం, ఇలాంటిది ఏదైనా తేల్చుకునే ముందు ఒక పేజీ తీసుకుని తేదీ వేసి రాయండి: ఏం నిర్ణయించా, ఎందుకు, ఏమవుతదని అనుకుంటున్నా, దేనికి భయపడుతున్నా, ఈరోజు నా మూడ్ ఎలా ఉంది. ఆరు నెలల తర్వాత తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుని ఆరోజు తెరిచి చదవండి. ఇది ఎందుకంటే జరిగిపోయాక మనందరికీ "నాకు ముందే తెలుసు" అనిపిస్తది, 1975లోనే బరూక్ ఫిష్‌హాఫ్ అనే ఆయన ఇది మనిషి జ్ఞాపకం చేసే మాయ అని చూపించాడు. రాసి పెట్టుకుంటే ఆ మాయ సాగదు. నేను ఎక్కడ ఎక్కువ ఆశపడతానో, ఎక్కడ అనవసరంగా భయపడతానో, ఎవరి మాట విని తర్వాత బాధపడతానో తెలిసేది ఇలాంటి పేజీలు నాలుగైదు పోగయ్యాకే.

మిగతా చిన్న చిన్నవి

నిద్ర పట్టకపోతే మంచం పక్కన ఒక చీటీ పెట్టుకుని రేపు చేయాల్సిన పనులు ఐదు నిమిషాలు రాసేయండి, 2018లో అమెరికాలో బేలర్ యూనివర్సిటీ వాళ్ళ స్టడీలో ఇలా రేపటి పనులు రాసినవాళ్ళకి, అయిపోయిన పనులు రాసినవాళ్ళకంటే సుమారు 9 నిమిషాలు ముందే నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత తొందరగా.

గ్రాటిట్యూడ్ లిస్ట్, అంటే దేనికి థాంక్స్ చెప్పుకోవాలో ఆ లిస్ట్, రోజూ రాయమని అందరూ చెప్తారు, నేనైతే వారానికి ఒకసారి చాలంటా, ఆదివారం ఎడమ పేజీలోనే. రోజూ రాస్తే "కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం" అని అలవాటుగా వచ్చేస్తది, అందులో ఏ ఫీలింగ్ ఉండదు. వాన పడ్డరోజు పక్కింటి ఆంటీ మన బట్టలు కూడా తీసి మడతపెట్టి ఇచ్చింది అని రాస్తే అది నిజంగా తగులుతది, అలాంటివి వారానికి రెండో మూడో దొరికితే చాలు, వీలైతే ఆ ఆంటీకి కూడా చెప్పండి.

ఏం రాయాలో తోచని రోజు "ఈరోజు ఏం తోచట్లేదు" అని రాసి, ఈరోజు నేను ఎవరితో మాట్లాడా అని మొదలుపెట్టండి, పెన్ను కదులుతది.

పుస్తకం నిండినప్పుడు

మూడు నాలుగు నెలలకి ఒక పుస్తకం అయిపోతది. కొత్తది మొదలుపెట్టే ముందు పాతదాంట్లో ఎడమ పేజీలు మాత్రమే వరసగా చదవండి, గంట కూడా పట్టదు. ఏవి తీరిపోయాయో వాటి మీద టిక్ పెట్టండి. పుస్తకం మొత్తం మీద పదిసార్లు కనిపించి ఇంకా తీరనిది ఒకటో రెండో ఉంటాయి, ఆ మనిషితో మాట్లాడాల్సిన మాటో, వాయిదా వేస్తున్న హెల్త్ చెకప్పో, మానేద్దామనుకుంటున్న పనో, అవి మాత్రం కొత్త పుస్తకం మొదటి పేజీలో పైనే రాసుకోండి, పక్కన ఒక తేదీ వేసి. పాత పుస్తకం దాచుకుంటారా, చించేస్తారా మీ ఇష్టం, అట్ట మీద మాత్రం ఏ నెల నుంచి ఏ నెల దాకా అని రాసి పెట్టుకుంటే తర్వాత వెతుక్కోవడం తేలిక.